సభ తొక్కిన నేల

నేల ఎంత వేగంగా నీళ్లు తాగుతుందో కొలిచినందుకు నాకు ముప్పై ఒక్క ఏళ్లు జీతం ఇచ్చారు. ఈ మాట చెబితే మా బంధువుల్లో సగంమంది నవ్వుతారు, మిగతా సగంమంది జాలిపడతారు. మా అత్తగారైతే పోయేదాకా నేను యూనివర్సిటీలో మొక్కలకు నీళ్లు పోసే ఉద్యోగం చేస్తున్నాననే అనుకున్నారు. నేనూ ఆ మాట కాదనలేదు. నీళ్లు పోసే మాట నిజమే, మొక్కలే ఉండవు.

మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు మొన్న తార్నాకలో మా ఇంటికి వచ్చి, మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడమ్ అన్నారు. రిటైరైనావిడ రాసిందంటే గొప్పలు చెప్పుకుంటుందని మీకు అనుమానం ఉండే ఉంటుంది. నిజమే, చెప్పుకుంటాను. కాకపోతే ముందు నా తప్పు చెబుతాను, గొప్ప తర్వాత.

పని చూడ్డానికి చాలా తేలిక. అడుగూ మూతా లేని రెండు ఇనప రింగులు ఉంటాయి, ఒకటి పెద్దది, దానిలో పట్టేది ఇంకొకటి. రెండింటినీ బెత్తెడు లోతు నేలలోకి దిగ్గొట్టి నీళ్లు పోస్తాం. బయటి రింగులో నీళ్లు పక్కలకు పారిపోతాయి. వాటి కాపలాలో లోపలి రింగు నీళ్లు తిన్నగా కిందికి దిగుతాయి. లోపల స్కేలు నిలబెట్టి, వాచీ చూస్తూ, ఎంతసేపటికి ఎంత తగ్గిందో రాసుకోవాలి. అంతే. అయితే ఎండిన నేల మొదట్లో దాహం కొద్దీ గటగటా తాగేస్తుంది. ఆ అంకె చూసి మురిసిపోయినవాడు మోసపోతాడు. రెండు మూడు గంటలు ఓపిగ్గా నీళ్లు పోస్తూ కూర్చుంటే దాని వేగం ఒకచోట నిలబడుతుంది. ఆ నిలబడ్డ వేగమే నేల అసలు గుణం. పెళ్లిచూపుల నాటి మనిషికీ కాపురంలో మనిషికీ ఉన్నంత తేడా ఉంటుంది రెండింటికీ.

మాది గుంటూరు వైపు. మా నాన్నగారు మిషన్ బడిలో లెక్కల మాస్టారు. నేను చదువుకునే రోజుల్లోనే హైదరాబాదు వచ్చేశాం. చర్చి, ఇల్లు, క్యాంపస్, ఈ మూడింటి మధ్యే నా జీవితం గడిచింది. విభాగంలో నాది సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్ ఉద్యోగం. నాతో ఫీల్డుకు వచ్చే అటెండరు ముషీరాబాద్ మనిషి, నాకంటే ఆరేళ్లు చిన్న. ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశాం. రింగు కొట్టడంలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. ఎవరైనా సుత్తి పెట్టి బాదితే రింగు పక్కన నేల పగిలి, ఆ పగుల్లోంచి నీళ్లు జారిపోతాయి. అతను కొట్టిన రింగు పక్కన వెంట్రుకంత పగులు కూడా ఉండేది కాదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులు. క్యాంపస్ దానికి గుండెకాయ. వారంలో రెండు రోజులు ర్యాలీ, ఒక రోజు బంద్, ఎప్పుడైనా గాలి అటు తిరిగితే కళ్లు మండించే బాష్పవాయువు. మా అటెండరు ఒక్క సభ వదిలేవాడు కాదు. "మేడమ్, రాష్ట్రమొచ్చినంక మీకు ఈడ ఉండనీకి వీసా నేనే ఇప్పిస్త, ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆటపట్టించేవాడు. "ఇప్పించు నాయనా, ఫోటో కూడా నువ్వే తీయించు, డబ్బులు మిగుల్తాయి" అనేదాన్ని. అలా నవ్వుకోగలిగాం కాబట్టే ఆ రోజులు మా ఇద్దరి మధ్య గోడ కట్టలేదు. కట్టినది నేనే, తర్వాత.

అసలు సంగతికి వస్తాను. మా ఆడపిల్లల హాస్టల్ బోర్లు ఏటా ఉగాది దాటగానే ఎండిపోయేవి. వేసవి సెలవుల్లో కూడా రీసెర్చి చేసే పిల్లలు అక్కడే ఉండేవాళ్లు. తెల్లారి ట్యాంకర్ దగ్గర బకెట్లతో వరస కట్టి, సగం బకెట్ నీళ్లతో తల స్నానం చేసి వచ్చేవాళ్లు. హాస్టల్ పక్కనున్న ఖాళీ మైదానంలో పెద్ద ఇంకుడు కుంట తవ్వి, వాన నీళ్లన్నీ అందులోకి మళ్లిస్తే బోర్లకు ఊపిరి వస్తుందని మా విభాగం ప్రతిపాదన పంపింది. కుంట తవ్వాలంటే అక్కడి నేల నీళ్లు తాగుతుందని ఎవరో ఒకరు కొలిచి సంతకం పెట్టాలి. ఆ ఎవరో ఒకరిని నేను.

మార్చి మొదట్లో కొలిచాం. ఎర్ర చెలక నేల, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలిపోయేది. మొదటి గంట నేను అక్కడే ఉన్నాను. అంతలో హెడ్ సారు పిలిచారని వెళ్లిపోయాను. మిగతా రెండు గంటల రీడింగులూ అటెండరే తీశాడు. నిలబడ్డ వేగం గంటకు ఆరు సెంటీమీటర్లు. చూసి సంతకం పెట్టాను. రిజిస్టర్‌లో చివరన "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంటుంది. నేల ఎలా ఉంది, గడ్డి ఉందా, ఎవరైనా దున్నారా, నడిచారా అని రాయడానికి. ముప్పై ఏళ్లుగా ఆ గడిలో నేను ఒక అడ్డగీత గీసి ఊరుకునేదాన్ని. ఆ రోజూ అదే గీత గీశాను.

జూన్ మొదటి వారంలో, వానలు పడకముందే, పైనుంచి ఒక నిపుణుణ్ణి తనిఖీకి పంపారు. రిటైరయ్యే వయసు దాటిన పెద్దాయన, హబ్సిగూడలో ఉంటారు, నీళ్ల విషయంలో పెద్ద పేరున్న మనిషి. తన సొంత రింగులు తెచ్చుకుని, మేం గుర్తుపెట్టిన చోటే కొలిచారు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. నీళ్లు కదలనంటే కదలనని మొండికేశాయి. మూడు గంటలయ్యాక తేలిన వేగం గంటకు ఒకటిన్నర.

ఆయన అద్దాలు తీసి నా వైపు చూశారు. "అమ్మా, మీ రిజిస్టర్‌లో ఆరు ఉంది. నాకు ఒకటిన్నర వచ్చింది. మూడు నెలల్లో నేల మారిపోదు కదా. మారింది ఇంకేదో అయివుండాలి."

ఆ "ఇంకేదో" అంటే ఏమిటో నాకు తెలుసు. మా వృత్తిలో దానికి ఒక పేరుంది, చెట్టు కింద రీడింగు. ఎండలో మూడు గంటలు కూర్చోలేక, మొదటి నాలుగు అంకెలు తీసి, మిగతావి నీడన కూర్చుని అంచనాగా రాసేయడం. దొంగలెక్క అన్నమాట. ముప్పై ఏళ్లలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు.

సాయంత్రం హెడ్ సారు గదిలోకి పిలిచారు. మంచివారే, గొడవలంటే భయం. "మేడమ్, మీకు రిటైర్మెంట్ ఇంకా పది నెలలే. ఎంక్వైరీ దాకా పోనివ్వకండి. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. మీరు లేని టైములో అటెండరు సరిగ్గా తీయలేదని రాసిచ్చేయండి. అతనికి ఒక మెమో, మీకు ఏ మచ్చా ఉండదు. కుంట సంగతి ఇక మర్చిపోదాం" అన్నారు.

ఆ మాట విన్నప్పుడే నాకు కోపం రావాలి. రాలేదు. బదులుగా, ఒకవేళ అదే నిజమేమోనన్న అనుమానం వచ్చింది. మేం మొదట కొలిచిన రోజు హాస్టల్ ముందు నుంచి ర్యాలీ వెళ్లిందని నాకు గుర్తు. నినాదాలు హెడ్ సారు గదిలోకి వినిపించాయి. ర్యాలీ అంటే ఆగలేని మనిషి. నేను పక్కన లేను. అంతే, ఒకదానికొకటి అతికించుకున్నాను.

మర్నాడు ల్యాబులో అడిగేశాను. "నిజం చెప్పు. ఆ రోజు నేను వెళ్లాక నువ్వు ర్యాలీలోకి పోయావా? వచ్చాక ఉజ్జాయింపుగా రాశావా?"

అతను రింగుల మట్టి కడుగుతున్నాడు. చెయ్యి ఆగిపోయింది. "ర్యాలీ నా ముంగల్నుంచే పొయ్యింది మేడమ్. మావోల్లు రమ్మని పిలిచిన్రు. ఒక చేతిల వాచ్ పట్టుకున్న, ఇంకో చెయ్యి లేపి జై తెలంగాణ అన్న. కాలు మటుకు కదపలే. జూట్ రాయలే."

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నా నోరు ఊరుకోదు కదా. "ఉద్యమం మీద ఉన్న శ్రద్ధ ఉద్యోగం మీద కూడా ఉంటే మనకీ గతి పట్టేది కాదు" అన్నాను.

అతను చేతిలో రింగు మెల్లగా కింద పెట్టాడు. "ఇరవై రెండేండ్ల సంది మీ ఎంబడి ఎండల తిరిగిన. నన్ను గింతేనా మేడమ్ మీరు ఎరుకపట్టింది?" అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులు మేం మాట్లాడుకోలేదు. టీ వేళకు నా టేబుల్ మీద ఫ్లాస్కు ఉండేది, తెచ్చిన మనిషి ఉండేవాడు కాదు. సంజాయిషీ ఉత్తరం రాశాను. అందులో "అటెండరు నిర్లక్ష్యం" అన్న రెండు మాటలు ఉన్నాయి. రాసి సంచిలో పెట్టుకున్నాను గానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. రోజూ అది సంచిలో నాతోపాటు తార్నాక నుంచి క్యాంపస్‌కూ, క్యాంపస్ నుంచి తార్నాకకూ తిరిగేది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఎత్తుకున్నారు. ఆయనకు నా సంచి సంగతి ఎవరు చెప్పారా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే తొలకరి పడింది. ఉరుములు, మెరుపులు, గంటసేపు కుండపోత. వాన సన్నబడుతుండగా మా గేటు ముందు స్కూటర్ ఆగింది. తలనుంచి కాళ్లదాకా తడిసి మా అటెండరు నిలబడ్డాడు. మా ఆయన తలుపు తీసి, "రావయ్యా, ముందు తుడుచుకో, వేడిగా చాయ్ తాగుదువుగాని" అన్నారు.

"చాయ్ తర్వాత సార్. మేడమ్‌ను జర జల్ది రమ్మనుండ్రి. నీల్లు ఉండంగనే చూడాలె."

ఏమిటి, ఎక్కడ అని అడగలేదు నేను. పన్నెండు రోజుల తర్వాత అతను మా గడప ఎక్కాడు, అది చాలు. గొడుగు, సంచి తీసుకుని వెనక కూర్చున్నాను. స్కూటర్ క్యాంపస్ లోపలికి తిరిగి, హాస్టల్ పక్క మైదానం దగ్గర ఆగింది.

మైదానమంతా నీళ్లు నిలబడి ఉన్నాయి. ఎర్రటి నీళ్లు, ఎక్కడికక్కడ మడుగులు. కానీ ఒక మూల, గదిలో చాప పరిచినంత నిక్కచ్చిగా, ఒక పెద్ద నలుచదరం మాత్రం చుక్క నీరు లేకుండా ఉంది. తడి ఉంది, మడుగు లేదు. పడిన వాన పడినట్టే లోపలికి పోయింది.

"ఇక్కడ ఏముండేది?" అన్నాను.

"స్టేజి మేడమ్. మనం కొలిసినంక పెద్ద సభ అయ్యింది గద, మార్చి ఆఖర్ల. గీడ స్టేజి, గాడ మేమందరం. ఇసుకేస్తె రాలని జనం. హాస్టల్ల ఒకల్ని కలువనీకి వచ్చి వానకు ఆగిన, గిది కండ్లబడ్డది. నాకు సమజ్ గాలే గని మీకైతదని ఉరికొచ్చిన."

"ఆ ముందు రోజు రాత్రి వాన పడిందా?"

"పడ్డది. మామిడి వాన. బురదల్నే నిలబడ్డం, పొద్దుగూకేదాంక. ఇంటికి వొయ్యి చెప్పులు గోకితె పావుశేరు మట్టెల్లింది."

గొడుగు మూసి, దాని మొనను ఆ నలుచదరంలో గుచ్చాను. జానెడు దిగింది. పది అడుగులు నడిచి, జనం నిలబడ్డ చోట గుచ్చాను. రెండు వేళ్ల లోతున టక్కుమని ఆగిపోయింది. రెండో చోట గుచ్చాను, మూడో చోట గుచ్చాను. అన్నిచోట్లా అంతే.

తడి నేల మీద వేలమంది ఒక పూటంతా నిలబడితే ఏమవుతుందో మా వృత్తిలో మొదటి ఏడాదే నేర్పుతారు. మట్టి రేణువుల మధ్య సందులు మూసుకుపోయి పైపొర రోడ్డులా గట్టిపడుతుంది. అది తెలిసీ నాకెందుకు తట్టలేదో చెబుతాను. సభ రోజున నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మావాళ్లు బయటికి పోవద్దన్నారు, నేనూ భయపడ్డాను. సభ అంటే నాకు మూసిన దుకాణాలు, ఆగిపోయిన బస్సులు, టీవీలో అరుపులు. అది నేల మీద పడ్డ బరువని నా బుర్రకు తోచలేదు. అతను ఆ సభలోనే ఉన్నాడు, కానీ సభకూ రీడింగుకూ సంబంధం ఉంటుందని అతనికి తెలియదు. సభ సంగతి అతనికి తెలుసు, నేల సంగతి నాకు తెలుసు. ఇద్దరం మాట్లాడుకుని ఉంటే పెద్దాయన వచ్చిన రోజే తేలిపోయేది. మాట్లాడుకునే దారిని నేనే మూసేశాను.

సంచిలోంచి ఉత్తరం తీసి అతనికిచ్చాను. "ఇందులో నీ మీద రాశాను" అన్నాను. అతను వాన చినుకుల్లోనే నిలబడి చదివాడు. మొహం మాడిపోయింది. మడిచి నాకు తిరిగిచ్చాడు. "ఇయ్యలే గద?"

"ఇవ్వలేదు."

"మరైతే ఉత్త కాయితమే" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించమని అప్పుడే అడగాల్సింది. అడగలేకపోయాను.

మర్నాడే హెడ్ సారు ముందు కూర్చుని, పెద్దాయన్ని మళ్లీ ఒకసారి పిలిపించమన్నాను. ఆయన ఒకే ఒక తేదీ ఇచ్చారు, తర్వాత నెలరోజులు ఊళ్లో ఉండరట. తీరా ఆ తేదీకి బంద్ పిలుపు వచ్చింది. బస్సులు లేవు, ఆటోలు లేవు, ముఖ్యంగా నీళ్ల ట్యాంకర్ లేదు. హెడ్ సారు వదిలేద్దామన్నారు. నేను ససేమిరా అన్నాను. పెద్దాయన కూడా పట్టుదల మనిషి, హబ్సిగూడ నుంచి గొడుగు వేసుకుని నడిచే వచ్చారు.

మా అటెండరు బంద్ బ్యాడ్జీ గుండె మీద పెట్టుకుని వచ్చాడు. హాజరు పట్టీలో సంతకం పెట్టలేదు. "ఇయ్యాల డ్యూటీ కాదు మేడమ్. గవాహీ చెప్పనీకి వచ్చిన" అన్నాడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చాడన్నమాట.

ఇక నీళ్లు కావాలి. రెండు జతల రింగులు మూడు గంటలపాటు తాగాలంటే మాటలు కాదు. మా విభాగం సంపులో నీళ్లున్నాయి, మైదానానికి దాదాపు యాభై గజాలు. హాస్టల్లో ఉండే మా రీసెర్చి విద్యార్థిని ఒకమ్మాయి, నల్గొండ జిల్లా పిల్ల, బంద్ శిబిరంలో కూర్చుని ఉంది. విషయం చెప్పి, కొంతమందిని పంపగలవా అని అడిగాను. ఆ పిల్ల అక్కడికక్కడే లేచింది గానీ, ఆమె పక్కనున్న వాళ్ల మొహాలు మారాయి. ఒకమ్మాయి అడిగేసింది కూడా.

"అంటే మా సభ వల్లనే భూమి ఖరాబైందంటరా మేడమ్?"

ఏం చెప్పాలి? ఔనంటే, ఆంధ్రావిడ మా ఉద్యమాన్ని తప్పుపట్టిందంటారు. కాదంటే అది అబద్ధం.

మా అటెండరు ముందుకొచ్చాడు. "ఖరాబు గాదు బిడ్డా. మన సభకు ఎంతమంది వచ్చిన్రో పేపరోల్లు తక్కువ రాసిన్రు, యాదున్నదా? టీవీల ఇంకింత తక్కువ చెప్పిన్రు. ఈ భూమి మటుకు ఒక్కల్ని తక్కువ రాయలే. ఎంతమందిమి నిలబడ్డమో అంత గట్టిగ రాసి పెట్టుకున్నది. అది సర్కారు మనిషికి సూపెడదాం, బకెట్లు పట్టుండ్రి!"

శిబిరమంతా ఘొల్లున నవ్వింది. తర్వాత నేను ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ముప్పై నలభైమంది ఆడపిల్లలు సంపు దగ్గర్నుంచి మైదానం దాకా వరస కట్టారు. హాస్టల్ గదుల్లోంచి ఎర్రవి, నీలివి, పచ్చవి బకెట్లన్నీ బయటికొచ్చాయి. చేతులు మారుతూ నీళ్లు వస్తున్నాయి, మధ్యలో ఒకరి మీద ఒకరు చల్లుకోవడం, తిట్టుకోవడం, నినాదాలు. బంద్ నాడు క్యాంపస్‌లో పని జరిగింది అక్కడొక్కచోటే.

ఒక జత రింగులు స్టేజీ ఉన్న చోట దిగ్గొట్టించాను. ఇంకో జతకు, జనం నిలబడ్డ చోట, గట్టిపడ్డ పైపొర జానెడు తవ్వి తీసేయించి, ఆ కింది మట్టిలో దిగ్గొట్టించాను. ఎలాగూ కుంట తవ్వినప్పుడు ఆ పొర పోవలసిందే కదా. రింగులు కొట్టింది మా అటెండరే. పెద్దాయన వంగి, రింగు చుట్టూ వేలితో తడిమి చూసి, తలెత్తి అతన్ని చూశారు.

"నేను దేన్నీ ముట్టుకోను. ఒక రింగు దగ్గర మీరు కూర్చోండి, రెండో రింగు దగ్గర ఇతను. వాచీలు మీవే" అని చెప్పి, ఒక బకెట్ బోర్లించుకుని దూరంగా కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. మొదటి గంట నీళ్లు జోరుగా దిగాయి. పిల్లలు కేకలు పెట్టారు. "ఇప్పుడే అరవకండి, ఇది పెళ్లిచూపులే" అన్నాను. రెండో గంటలో వేగం తగ్గుతూ వచ్చింది. ఎక్కడ ఆగుతుంది? రెండుకు దిగిపోతే నా ముప్పై ఏళ్లూ, ఆ మనిషి ఇరవై రెండేళ్లూ ఆ రింగులోనే ఇంకిపోతాయి. మనసులో ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, నన్ను కాకపోయినా అతన్ని గెలిపించు అని.

రెండున్నర గంటలకు ఆగింది. పెద్దాయన ఒకసారి రాసుకున్నారు, పది నిమిషాలాగి మళ్లీ రాసుకున్నారు, ఇంకో పది నిమిషాలాగి మళ్లీ. మూడు అంకెలూ ఒకటే. లేచి, నడుం పట్టుకుని, మా అటెండరు దగ్గరికి వెళ్లి అతని కాగితం తీసుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు.

"స్టేజీ కింద అయిదున్నర" అన్నారు. "పైపొర తీసిన చోట ఆరు."

అచ్చంగా మార్చిలో వచ్చిన అంకే స్టేజీ కింద రాలేదు, స్టేజీ కట్టినవాళ్లు కూడా కొంత తొక్కి ఉంటారు. ఎవరికి కావాలి ఆ అర సెంటీమీటరు! పిల్లలు బకెట్లు వాయించడం మొదలుపెట్టారు. ఒకతె "నేలతల్లికి" అంటే అందరూ "జై" అన్నారు. నేను కూడా అన్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నా పెళ్లిరోజున కూడా కలగలేదు. మా ఆయన ఇది చదువుతారు, చదవనివ్వండి.

పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. "అమ్మా, మీ ఆరూ కరెక్టే. నా ఒకటిన్నరా కరెక్టే. నేల మారదన్నాను చూశారా, అదొక్కటే తప్పు. మధ్యలో ఇంతమంది నిలబడి ఉంటారని నాకు తట్టలేదు."

"పదివేలమంది అండీ" అన్నాను.

"పదివేలు గాదు మేడమ్, యాబైవేలు!" అని వెనకనుంచి మా అటెండరు గొంతు. పెద్దాయన పకపకా నవ్వేశారు.

అప్పుడు క్షమాపణ అడిగాను, అందరి ముందూ. "సార్, మార్చిలో తీసిన రీడింగులు నావి కావు. కింద సంతకం నాది, మూడు గంటలు ఎండలో కూర్చున్నది ఇతను. ర్యాలీ పక్కనుంచి పోతున్నా కదలకుండా తీశాడు. మీరు అనుమానపడ్డారంటే మీకు ఇతను తెలియదు. తెలిసిన నేను కూడా అనుమానపడ్డాను. తప్పు నాది." అతని వైపు తిరిగి, "నన్ను క్షమించయ్యా" అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో పైవాళ్లకు చాలాసార్లు సారీ చెప్పాను, కిందివాళ్లకు చెప్పడం అదే మొదలు. చెప్పాక చాలా తేలికనిపించింది.

అతను తల దించుకుని రింగు పీకుతూ, "ఏంది మేడమ్ గంత పెద్ద మాటలు, పిల్లలున్నరు" అన్నాడు. కానీ మొహం వెలిగిపోతోంది. పెద్దాయన తన నివేదికలో, రీడింగులు తీసినవారు అన్న చోట, నా పేరుకంటే ముందు అతని పేరు రాశారు.

పిల్లలూ, మీకు చెప్పేది ఒకటే. రిజిస్టర్లో ఆ చివరి గడిలో అడ్డగీతలు గీయకండి. నేల మీద ఏం జరిగిందో రాయండి. పశువులు మేశాయో, క్రికెట్ ఆడారో, లోకమంతా వచ్చి నిలబడిందో. మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. వాళ్లు మీ పక్కనే సుత్తి పట్టుకుని నిలబడి ఉంటారు.

కుంట ఆ ఆగస్టులోనే తవ్వారు. సెప్టెంబరు వానలకు నిండింది, వారం తిరక్కుండా ఇంకిపోయింది, మళ్లీ నిండింది. ఏప్రిల్‌లో నేను రిటైరయ్యాను. ట్యాంకర్ల కాలం వచ్చేసరికి నేను ఇంట్లో కూర్చుని, రోజూ క్యాలెండర్ చూసుకుంటూ, ఎవరినీ అడగడానికి ధైర్యం చాలక సతమతమయ్యాను. మే రెండో వారంలో ఒక పొద్దున మా అటెండరు ఫోన్ చేశాడు.

"మేడమ్, హాస్టల్ బోరు పోస్తున్నది. ఈ ఏడు ఒక్క ట్యాంకర్ రాలే. పొద్దున తాడేసి బోర్ల నీల్లెంత లోతునున్నయో కొలిసిన. పోయినేడుకంటె ఇరవై అడుగులు మీదికొచ్చినయ్."

"నిజంగా ఇరవయ్యేనా?" అన్నాను.

"రెండుమార్లు కొలిసిన మేడమ్. మీరు నమ్మరు గద!" అని అటువైపు పెద్దగా నవ్వాడు.

"ఇకనుంచి ఒక్కసారి కొలువు చాలయ్యా" అన్నాను.